ఆర్పని కర్పూరం

కారు కొనడం ఒక ఎత్తు, ఆ కారులో పాట పెట్టించడం ఇంకో ఎత్తు. ఈ సంగతి ఎల్లేష్‌కు కారు కొన్నాకే తెలిసింది.

సెకండ్‌హ్యాండుదైనా బండి బంగారం. శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు ఒక్కనాడూ ఆయాసపడలేదు. దాని గొంతే బాగాలేదు. పాట బాగుంటే ప్రయాణికులు మళ్లీ మళ్లీ పిలుస్తారని ఎవరో చెబితే షాద్‌నగర్‌లో ఒక దుకాణానికి తోలుకుపోయాడు. వాళ్లు బండిని లోపలికి తోసి, ఎల్లేష్‌ను బయట కూర్చోబెట్టి మర్యాదగా చాయ్ తాగించారు. అంత ఖరీదైన చాయ్ అతను జన్మలో తాగలేదు. బండి బయటికొచ్చాక హారన్ కొడితే పాట ఆగిపోయేది. బ్రేకు తొక్కితే ఎడమ డోరు స్పీకరు గురక పెట్టేది. విప్పి చూస్తే కంపెనీ స్పీకర్లు మాయమై, వాటి చోట ఎవరివో చిరుగుల స్పీకర్లు కూర్చుని ఉన్నాయి. పోయి నిలదీస్తే, "నువ్వు తెచ్చినప్పుడు గివే ఉన్నయ్" అని తలుపు వేసుకున్నారు.

అప్పటి నుంచి ఎవరి చేతిలో స్క్రూడ్రైవర్ చూసినా ఎల్లేష్ చెయ్యి బండి డోరు మీదికి పోయేది. పనితనం ఉన్నవాళ్లు కనిపించారు. బండి అప్పజెప్పి నిమ్మళంగా ఉండగలిగే మనిషి మాత్రం కనిపించలేదు.

"గింత దూరం తిరిగినవ్, ముంగట ఉన్నోడు కనవడలేదా?" అన్నాడు లింగస్వామి ఒకనాడు. కల్వకుర్తిలో శ్రీశైలం రోడ్డు మీద, గుర్వమ్మ చాయ్ హోటల్ ముందు, ఎల్లేష్ బండి పెట్టే కార్ల అడ్డాలో పెద్దమనిషి అతనే. బడి పిల్లల వ్యాను నడుపుతాడు. ఆ వ్యాను డ్యాష్‌బోర్డు మీద ప్లాస్టిక్ ఆంజనేయుడు ఉంటాడు. లోపల చిన్న బ్యాటరీ ఉండి పగలూ రాత్రీ ఆకుపచ్చగా మినుకుమంటుంటాడు. పిల్లలు ఏడిస్తే ఆయన్ని చూపించే ఊరుకోబెడతాడు.

"ఎవరు కాకా?"

"రోడ్డు అవుతల సునీల్. ఏసు మందిరం కాడి ఇస్రాయేలు కొడుకు. ఒక్క వైరు తెంపడు. చిన్నప్పటి సంది మందిరంల మైకుసెట్లు విప్పి విప్పి పని నేర్చిండు. జర నోరెక్కువ గని, చెయ్యి సాఫు."

రోడ్డుకు అవతల రేకుల షెడ్డు. దాని మీద 'గ్రేస్ కార్ డెకార్స్' అని బోర్డు. గ్రేస్ అంటే సునీల్ కూతురు. ఎల్లేష్ పోయి షాద్‌నగర్ కథంతా చెప్పాడు. సునీల్ విని, ఆపుకోకుండా నవ్వేశాడు.

"చాయ్ మంచిగుండెనా అన్నా, కనీసం?"

"నవ్వకు తమ్మీ. నా కడుపు కాలుతాంది."

"నా కాడ చాయ్ ఉండది. స్టూల్ ఉంటది. దాని మీద కూసొని పొద్దంత చూడు. విప్పిన ప్రతి వస్తువు నీ ముంగటనే పెడ్త."

అన్నట్టుగానే మర్నాడు పొద్దున ఎల్లేష్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి, నేల మీద తెల్లటి పాత దుప్పటి పరిచాడు. డోరు ప్యాడు విప్పడానికి ఇనుప పనిముట్టు ముట్టలేదు. తోలుసంచి లోంచి ప్లాస్టిక్ పట్టీ తీసి, అంచులోకి దూర్చి, చిక్కుడుకాయ ఒలిచినట్టు నెమ్మదిగా ఒలుచుకుంటూ వచ్చాడు. టక్ టక్ మని క్లిప్పులు ఒక్కొక్కటే ఊడాయి. ఒక్కటీ విరగలేదు. వాటిని ఏ డోరువి ఆ డోరుకు వేరుగా దుప్పటి మీద పేర్చాడు. షాద్‌నగర్ వాళ్లు తెంపి మెలిపెట్టిన వైర్లు బయటపడినప్పుడు మాత్రం అతనికి నిజంగానే కోపం వచ్చింది.

"గిదేం పని అన్నా? గొడ్డును కోసినట్టు కోసిండ్రు. గిసొంటోని చేతులకు వైర్లియ్యద్దు, గడ్డపారియ్యాలె."

తెగిన చోటల్లా కొసలు గీకి, జోడించి, సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, అది ముడుచుకుని పట్టేదాకా వేడిచేశాడు. కొత్త స్పీకర్లకు ఇంకే వైరూ కోయకుండా కప్లర్లు పెట్టి బిగించాడు. ఎల్లేష్ వంగి వంగి చూస్తుంటే, "అన్నా, నీడ పడ్తాంది, జర జరుగు" అని కసిరాడు కూడా. ఆ కసురు ఎల్లేష్‌కు హాయిగా అనిపించింది. మోసం చేసేవాడు మర్యాద చేస్తాడు గానీ కసరడు అనుకున్నాడు.

మధ్యాహ్నం సునీల్ వెల్లకిలా పడుకుని స్టీరింగు కిందికి దూరాడు. కాసేపు చప్పుడు లేదు.

"అన్నా, గీడ..." అన్నాడు లోపల్నుంచి.

"ఏంది తమ్మీ?"

బయటికి చాచిన కాళ్లు కదలడం మాని, మళ్లీ కదిలాయి. "ఏం లే. టార్చి అందియ్యి."

పొద్దువాలే వేళకు పాట మోగింది. ఎల్లేష్ కళ్లు మూసుకుని సీటుకు జారగిలబడ్డాడు. డప్పు దెబ్బ గుండె మీద పడుతోంది గాని అద్దం అదరడం లేదు. హారన్ కొట్టాడు. పాట ఆగలేదు. బ్రేకు తొక్కాడు. గురక లేదు. దిగి సునీల్ భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, నువ్వు మా ఇంటోనివిరా ఇగ."

సునీల్ ఆ మాటకు నవ్వలేదు. దుప్పటి దులిపి మడతపెట్టుకున్నాడు.

తెల్లవారుజామున ఎల్లేష్ శ్రీశైలం ప్రయాణికుల కోసం బయల్దేరాడు. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ అనుకోడు గాని, ఘాటు ఎక్కే దూరం పోయినప్పుడు అతనికొక అలవాటుంది. స్టీరింగు కిందికి చెయ్యి పోనిచ్చి, అక్కడ ఎవరి కంటా పడకుండా నల్లదారంతో కట్టి ఉన్న ఎల్లమ్మ వెండిబిళ్ళను తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంటాడు. బండి కొన్ననాడు తల్లి యాదలక్ష్మి పూజ చేయించి కట్టిన బిళ్ళ అది. ఇవాళ చెయ్యి పోనిస్తే బిళ్ళ తగల్లేదు. దారం కొస తగిలింది. బండి ఆపి, సెల్‌ఫోన్ వెలుగు పెట్టి చూశాడు. దారం నున్నగా కోసి ఉంది.

ఇంటికి ఫోను చెయ్యాలని అతనికి తోచలేదు. తోచి ఉంటే ఈ కథే లేదు. షాద్‌నగర్ మంట ఇంకా ఆరని కడుపు కదా, బండిని నేరుగా అడ్డాకు తిప్పాడు. అప్పుడే సునీల్ షట్టర్ ఎత్తుతున్నాడు. అడ్డాలో నలుగురు డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు.

"బిళ్ళ ఏది?" అన్నాడు ఎల్లేష్ దిగుతూనే.

సునీల్‌కు ఏ బిళ్ళని అడగాల్సిన అవసరం కలగలేదు. అదే ఎల్లేష్‌కు మొదటి రుజువైపోయింది.

"నేను తియ్యలే అన్నా."

"దారం కోసి ఉంది. నువ్వు తప్ప ఆడికి ఎవలు దూరిండ్రు?"

"ఒకపారి ఇంట్ల అడుగు," అన్నాడు సునీల్ గొంతు తగ్గించి.

"అంటే మా ఇంట్ల దొంగలున్నరంటవా?"

గొంతు పెరిగేసరికి అడ్డా అంతా రోడ్డు దాటి వచ్చింది. లింగస్వామి చాయ్ గ్లాసుతోనే వచ్చాడు. తగువు తీర్చడం అతనికి వ్యాను నడపడం కంటే ఇష్టమైన పని. "లొల్లెందుకురా, పొద్దుపొద్దున! గుర్వమ్మా, గింత కర్పూరం తేవే. తియ్యకపోతే ఆర్పుతడు. ఒడుస్తది," అన్నాడు.

దూరం పోయే బండ్లు బయల్దేరే ముందు కొబ్బరికాయ కొట్టే బండ ఒకటి అడ్డాలో ఉంది. గుర్వమ్మ దాని మీద కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించింది. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను తియ్యలేదని చెప్పాలి. ఎల్లేష్ తండ్రి కాటమయ్య ఒకప్పుడు, ఎవరో తాటిచెట్టు ముంత దొంగిలించావంటే, ఇట్లాగే ఆర్పి ఇంటికొచ్చి కాలిన అరచేతిని ఊరంతా చూపించుకున్నాడు. తప్పు చెయ్యనివాడు కర్పూరానికి వెనకాడటం ఎల్లేష్ కన్నవాడు కాదు, విన్నవాడు కాదు.

సునీల్ కదల్లేదు.

"ఆర్పురా," అన్నాడు లింగస్వామి.

"తియ్యలే అని చెప్పిన గద కాకా. ఒట్టు మాత్రం వెయ్య. మా ఇంట్ల ఎయ్యరు. మా బాపు చిన్నప్పటి సంది గదే చెప్పిండు. ఒట్టేసి చెప్పిందే నిజమైతే, మిగిలినప్పుడు చెప్పేటియన్నీ అబద్దాలేనా అని."

"మాటలు మంచిగ నేర్చిండు," అన్నాడొకడు.

ఎల్లేష్ చెయ్యెత్తి బోర్డు చూపించాడు. "కర్పూరం వద్దు. నీ బిడ్డ గ్రేస్ మీద ఒట్టెయ్. నమ్ముత."

సునీల్ మొహం అప్పుడు మారింది. పిల్ల పేరు వినగానే రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయాడు. ఏదో అనబోయాడు. అందరి మొహాలూ ఒకసారి చూశాడు, ఎల్లేష్ మొహం అందరికంటే ఎక్కువసేపు చూశాడు. "ఎయ్య," అన్నాడు.

కర్పూరం దానంతట అది కాలి, బండ మీద నల్లటి మచ్చ వదిలి ఆరిపోయింది. ఇక ఎవరూ ఏమీ అనాల్సిన పని లేదు, తీర్పు అయిపోయింది. ఎల్లేష్ షెడ్డులోకి పోయి కొక్కేనికి వేలాడుతున్న తోలుసంచి అందుకున్నాడు.

"బిళ్ళ తెచ్చియ్యి, సంచి తీస్కపో."

"అన్నా, గది లేకుంటే పనెట్ల చెయ్యాలె నేను?"

ఎల్లేష్ వినలేదు. సంచిని డిక్కీలో పడేసి బండి తీశాడు. అద్దంలో చూస్తే సునీల్ ఇంకా అక్కడే, ఖాళీ కొక్కెం పక్కన నిలబడి ఉన్నాడు. బాగా చేశాను అనుకున్నాడు ఎల్లేష్. ఆ మాట ఘాటు రోడ్డు దాకా చాలాసార్లే అనుకోవలసి వచ్చింది.

ప్రయాణికులు నాగర్‌కర్నూల్ కుటుంబం. పాట పెట్టగానే పెద్దాయన తల ఊపాడు. "ఎంత మంచిగుందయ్యా సౌండు! ఎవరు పెట్టిండ్రు? మా అల్లునికి చెప్త."

ఎల్లేష్‌కు పేరు నోటి దాకా వచ్చి ఆగింది. "కల్వకుర్తిలనే, ఎవలో పిలగాడు," అన్నాడు. మలుపు మలుపుకూ డిక్కీలో సంచి ఆ మూల నుంచి ఈ మూలకు జారి గలగలమనేది. పాట పెంచాడు. అంత మంచి సౌండులోనూ ఆ గలగల వినిపిస్తూనే ఉంది.

మర్నాడు దీపాల వేళకు ఇల్లు చేరాడు. భార్య నిరోష కాళ్లకు నీళ్లిచ్చింది. కాళ్లు కడుక్కుంటూనే మొదలుపెట్టాడు.

"ఎల్లమ్మ బిళ్ళ పోయింది నిరోషా. గా సునీల్ గాడు..."

"పోవుడేంది? నేనే తీసిన గద. దేవుని గూట్ల ఉంది."

చెంబు ఎల్లేష్ చేతిలోనే ఉండిపోయింది. "నువ్వు తీసినవా? ఎందుకు?"

"ఎందుకేంది?" నిరోష నిజంగానే ఆశ్చర్యపోయింది. "గా ఊరవుతలి వాడ పిలగాడు స్టీరింగు కిందికి దూరి పొద్దంత పని చేస్తడంటివి. అమ్మోరి మీద చేతులు పడ్తయని అత్తమ్మ తియ్యమన్నది. ముడి రాకపోతే కత్తెర పెట్టి కోసిన. పసుపునీళ్లు చల్లి మళ్ల కడ్దామనుకున్న. నువ్వు చీకట్లనే పోతివి."

"నాకు చెప్పాలె గద!"

"గిది గూడ చెప్పాల్నా? చెప్తే వద్దంటుంటివా?"

లోపల్నుంచి యాదలక్ష్మి, "ఏమైందిరా?" అంది. ఎల్లేష్ చెంబు కింద పెట్టాడు. నిరోష అడిగినదానికి అతని దగ్గర జవాబు ఉంది, అదే అతన్ని కాల్చింది. చెబితే వద్దనేవాడు కాదు. మంచి పని చేసినవ్ అనేవాడు. అని, పోయి ఆ స్టూలు మీద కూర్చుని, పొద్దున్నుంచి పొద్దువాలే దాకా సునీల్‌ను తమ్మీ తమ్మీ అని పిలిచేవాడు. సిగ్గు అనేది ఇంత బరువుంటుందని అతనికి ఇంతకుముందు తెలీదు. నిరోష వడ్డించిన అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దెక్కాక సంచి భుజాన వేసుకుని, బిళ్ళ జేబులో పెట్టుకుని సునీల్ షెడ్డుకు పోయాడు. అడ్డాలో ఎవరూ తనను చూడకుండా వెనక సందులోంచి పోయాడు. ఆ తెలివి మాత్రం అతనికి అప్పటికీ మిగిలే ఉంది.

షెడ్డు ముందు లింగస్వామి వ్యాను నిలబడి ఉంది. మొన్న దొంగన్నవాడే ఇవాళ బండి ఇచ్చాడు. ఊళ్లో ఆ పని చేసేవాడు ఇంకొకడు లేడు మరి. సునీల్ వంటింటి గరిటె కాడకు గుడ్డ చుట్టి, దానితో డోరు ప్యాడు ఒలుస్తున్నాడు. టక్‌మన్నది ఒక క్లిప్పు. ఊడిన చప్పుడు కాదు, విరిగిన చప్పుడు. సునీల్ పళ్లు కొరుక్కున్నాడు.

ఎల్లేష్ సంచి కింద పెట్టాడు. సునీల్ గరిటె పక్కన పెట్టి, సంచి విప్పి, ఒక్కొక్కటే తీసి చూసుకున్నాడు. ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఘాటు మలుపుల్లో రెండు ముక్కలైంది. ఆ ముక్కలను గూట్లో పెట్టాడు.

"తప్పైంది తమ్మీ. బిళ్ళ ఇంట్లనే ఉండె."

"ఎరుకే."

"ఎట్లెరుక?"

"దారం కత్తెరతోని కోసి ఉండె. ముడి మీద పసుపు వేలిముద్ర ఉండె. నేను పని చేసేటప్పుడు పసుపు రాసుకుంటనా?"

కోసిన దారాన్ని ఎల్లేష్ కూడా చూశాడు. సెల్‌ఫోన్ వెలుగు పెట్టి మరీ చూశాడు. పసుపు మాత్రం అతని కంటికి ఆనలేదు.

"ఎరుకుండి అందరి ముంగట ఎందుకు చెప్పలే మరి?"

సునీల్ తలెత్తాడు. "ఏమని చెప్పాలె? నేను ముడ్తనని వీళ్ల ఇంటోళ్లు దేవుణ్ణి దాసుకున్నరు అని నా నోటితోని నేనే చెప్పుకోవాల్నా? ఇంట్ల అడుగు అన్న. గంతకంటె ఎట్ల చెప్పాలె?"

సునీల్ విరిగిన క్లిప్పు ఏరి పక్కన పెట్టాడు.

"నా కాడికొచ్చే బండ్లల్ల సగం దేవుళ్లు ఇంటికాడనే దిగొస్తరన్నా. డ్యాష్‌బోర్డు మీద గమ్ము మచ్చ కనవడ్తది, దేవుడు కనవడడు. నేను అడగ. నా పని నేను చేసుకుంట."

ఎల్లేష్ జేబులోంచి బిళ్ళ తీశాడు. కొత్త నల్లదారం కూడా తెచ్చాడు. దారి పొడుగునా ఆలోచించి పెట్టుకున్న మాట అది. "నువ్వే కట్టు తమ్మీ. నీ చేతులతోని కట్టు."

సునీల్ బిళ్ళ వైపు చూశాడు గాని చెయ్యి చాపలేదు.

"పాటల డబ్బా పెట్టెటోన్ని నేను. దేవుణ్ణి కట్టుడు నా పని కాదు. నా తోని కట్టిచ్చుకుంటే నీ పాణం తేలికైతదన్నా. నాకేమైతది? ఆడ నా బిడ్డ పేరు పెట్టి అడిగినవ్. చెప్పేదుంటే ఆడనే చెప్పు."

గుడ్డ చుట్టిన గరిటెను పక్కకు నెట్టి, సంచి లోంచి మిగిలిన పట్టీ తీసుకుని మళ్లీ పనిలోకి వంగాడు. ఎల్లేష్ బిళ్ళ జేబులో వేసుకుని రోడ్డు దాటాడు. ఈసారి వెనక సందు లేదు.

అడ్డాలో ఆ నలుగురే ఉన్నారు. లింగస్వామి బల్ల మీద కూర్చుని, వ్యాను ఎప్పుడైతుందా అని అటే చూస్తున్నాడు. గుర్వమ్మ చాయ్ వడపోస్తోంది. కొబ్బరికాయ కొట్టే బండ మీద నల్లమచ్చ అట్లాగే ఉంది.

"బిళ్ళ దొరికింది కాకా," అన్నాడు ఎల్లేష్.

"భయపడి ఇచ్చిండా?"

"ఆయన తియ్యలే. ఇంట్లనే ఉండె. నిరోష తీసింది."

"అయితే మంచిదే గద. దొరికింది చాలు, పో," అన్నాడు లింగస్వామి. మనిషి మీద పడ్డ నింద కూడా బిళ్ళతో పాటు దొరికిపోయినట్టే అన్నాడు.

ఎల్లేష్ పోలేదు. "సంచి గుంజుకపోయిన. బిడ్డ పేరు మీద ఒట్టెయ్యమన్న. తప్పు నాదే."

డ్రైవర్లలో ఒకడు ఇబ్బందిగా నవ్వాడు. "ఆమె ఎందుకు తీసిందన్నా మరి?"

ఇంత దాకా చెప్పినది సులువు, ఈ ఒక్క మాటే కష్టం. లింగస్వామి అతని మొహం చూసి, పెద్దరికంగా సాయం పట్టాడు. "కడుగుదామని తీసుంటది లేరా. పండుగకు కడగరా ఏంది?"

అవును కాకా అంటే అయిపోతుంది. గుర్వమ్మ చాయ్ ఇస్తుంది, తాగి పోవచ్చు. నిరోష పరువు, తల్లి పరువు, తన పరువు అన్నీ మిగులుతాయి. రోడ్డు అవతల వ్యానులో పాట ఎడమ పక్క మోగి ఆగి, కుడి పక్క మోగి ఆగింది.

"కడుగుదామని కాదు కాకా," అన్నాడు ఎల్లేష్. "సునీల్ ముడ్తడని తీసింది. నాకు ముందుగాల చెప్పినా నేను గూడ సరే అంటుంటి."

గుర్వమ్మ చేతిలో చాయ్ వడపోసే జాలి ఆగింది. డ్రైవర్లు ఎవరి గ్లాసులోకి వాళ్లు చూసుకున్నారు. అట్లా అనకురా అని గాని, గట్లెట్ల అంటవురా అని గాని ఎవరైనా తిడతారని ఎల్లేష్ ఎదురుచూశాడు. ఎవరూ తిట్టలేదు.

లింగస్వామి చెయ్యి మాత్రం మెల్లగా చొక్కా జేబు మీదికి పోయింది. జేబు ఉబ్బి ఉంది, పై అంచు దాటి ప్లాస్టిక్ గద కొస కనిపిస్తోంది. పల్చటి తెల్లబట్ట లోంచి ఆకుపచ్చ వెలుగు మినుకుమంటోంది. దొంగ భయమని చెప్పుకుందామన్నా, ఆ ప్లాస్టిక్ బొమ్మను ఎత్తుకుపోయే దొంగ జిల్లాలోనే లేడు. నలుగురి కళ్లూ అటే తిరిగాయి. లింగస్వామి అరచేయి పూర్తిగా కప్పి పట్టుకున్నాడు.

వేళ్ల సందుల్లోంచి ఆ వెలుగు ఆరుతూ, మళ్లీ వెలుగుతూనే ఉంది.